కడెం జలాశయము: వానాకాలములో నిండుగా ఉండుట మేలా, కొంత ఖాళీగా ఉండుట మేలా?



ఖానాపూర్ నుండి జన్నారం పోవు దారిలో కడెం జలాశయమును మీలో చాలామంది చూచియే ఉందురు. ఆషాఢ మాసములో ఒక్కొక్కప్పుడు జలాశయము పూర్తిగా నిండక, అంచుకు కొన్ని అడుగుల దిగువననే నీరు నిలిచి ఉండగా, గేట్లు ఎత్తి నీటిని ఏటిలోనికి వదలుచుందురు. దానిని చూచినప్పుడు "ఇంకా నాట్లయినా పడలేదు, ఉన్న నీళ్ళను గోదావరి పాలు చేయుచున్నారు" అని మీకు కష్టము తోచుట సహజమే. కాలువ చివర పొలము ఉన్నవారికి ఈ కష్టము మరింత ఎక్కువ. ఆ నీటిని ఎందుకు వదలుదురు, వదలకపోయిన ఏమి జరుగును, వదలినను ఒక్కొక్కసారి ఎందుకు చాలదు అన్న సంగతులను తెలిసికొన్నచో, వానాకాలములో మీ పొలము, పశువులు, పంపుసెట్ల విషయములో మీరు తీసికొను నిర్ణయములు వేరుగా ఉండును.

ముందుగా ఏటి స్వభావము తెలియవలెను. కడెం వాగు ఆదిలాబాదు ఎత్తు భూములలో, బజార్‌హత్నూర్ ప్రాంతపు గుట్టలలో పుట్టి, నేరడిగొండ దగ్గర కుంతాల వద్ద 147 అడుగుల ఎత్తు నుండి దూకి, అడవుల గుండా కడెం చేరును. అక్కడినుండి గోదావరి ఎంతో దూరము లేదు. ఇది మంజీర వలె నెమ్మదిగా వచ్చు ఏరు కాదు. ఎగువన భూమి ఏటవాలు. గుట్టల నడుమ నల్లరేగడి, ఒకమారు తడిసి నిండిన పిదప నీటిని త్రాగదు. అందువలన బోథ్, ఇచ్చోడ వైపు రాత్రి పడిన వాన తెల్లవారునప్పటికే వరదగా దిగి వచ్చును. దిగువన మీ ఊరిలో ఒక్క చినుకు పడకున్నను ఏరు పొంగవచ్చును. ఈ ఒక్క సంగతిని మరచినందువలననే ఏటిగట్టు పొలములలో ఎక్కువ నష్టము కలుగుచున్నది.

ఈ ఏటిపై ప్రాజెక్టు పని 1949లో మొదలై 1965 నాటికి పూర్తియైనది. దానిని కడెం నారాయణరెడ్డి ప్రాజెక్టు అందురు. పూర్తి నీటిమట్టము 700 అడుగులు. మొదటి లెక్క ప్రకారము నిలువ 7.6 టీఎంసీలు. ఒక టీఎంసీ అనగా వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. కట్టకు 18 గేట్లు కలవు. ఎడమ కాలువ కడెం, జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట వైపు పోయి పొలములను తడుపును. మొత్తము ఆయకట్టు సుమారు 68,000 ఎకరములు. గమనింపవలసినది ఏమనగా, ఈ జలాశయమును కట్టినది సేద్యము కొరకు. వరదను ఆపుటకు ప్రత్యేకముగా కొంత చోటు విడిచి కట్టినది కాదు. అయినను ఏటికి అడ్డముగా కట్ట ఉన్న పిదప, వచ్చిన ప్రతి వరదకు ముందుగా ఎదురు నిలువవలసినది ఆ కట్టయే. దిగువన ఉన్న కడెం, దస్తురాబాద్ మండలముల పల్లెలకు కావలి కూడ అదియే.

ఇక చిన్న లెక్క చూడుడు. కష్టమైనది కాదు, మీ చెరువు లెక్క వంటిదే. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారుటను క్యూసెక్కు అందురు. లక్ష క్యూసెక్కుల ప్రవాహము ఒక రోజు నిలిచి పారిన ఎడల 8.64 టీఎంసీలగును. అనగా కడెం జలాశయము పూర్తిగా ఎండి ఉన్నను, లక్ష క్యూసెక్కుల వరద దానిని ఒక్క రోజులో నింపి ఇంకను మిగులును. అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చినచో అడుగు నుండి అంచు వరకు నిండుటకు పట్టునది నాలుగు గంటల కాలము మాత్రమే. అదే శ్రీరాంసాగర్‌లో, ఇప్పటి నిలువ సుమారు 80 టీఎంసీలు కనుక, అంతే వరదకు 44 గంటలు పట్టును. గోదావరి పెద్దది, దాని జలాశయము కూడ పెద్దది. కడెం ఏరు చిన్నదే గాని కోపము వచ్చినప్పుడు గోదావరి అంత వరదను తేగలదు. జలాశయము మాత్రము గోదావరి జలాశయములో పదవ వంతు కూడ లేదు. కడెం కష్టమంతయు ఇందులోనే ఉన్నది.

వాన వైపు నుండి చూచినను ఇదే తేలును. ఏటి పరీవాహక ప్రాంతము వేయి చదరపు మైళ్లకు అటూ ఇటూగా ఉన్నది. ఆ నేల అంతటిమీద పడిన వానలో నాలుగంగుళముల నీరు ఇంకక పారిన ఎడల తొమ్మిది టీఎంసీలు దాటును. నేల బాగుగా తడిసిన పిదప, శ్రావణములో అల్పపీడనము వచ్చి రెండు రోజులు విడువక కురిసిన యేడు, నాలుగంగుళములు పారుట వింత కాదు.

ఈ మాటలు ఊహించి చెప్పునవి కావు. 1958 ఆగస్టులో ప్రాజెక్టు పని పూర్తిగా ముగియకముందే ఏరు తన బలమును చూపినది. సెకనుకు 14,700 ఘనపు మీటర్ల వరద, అనగా అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా, వచ్చిపడినది. నీటిమట్టమునకు పైన ఎనిమిది అడుగుల కట్టను రక్షణగా విడిచినను, నీరు ఆ ఎనిమిది అడుగులను దాటి కట్ట మీదినుండి అడుగున్నర ఎత్తున పారినది. మట్టికట్ట మీదినుండి నీరు పారుట ఎంత ప్రమాదమో చెరువు క్రింద సేద్యము చేయు మీకు చెప్పనక్కరలేదు. ఎడమ ప్రక్కన 450 అడుగుల వెడల్పున గండి పడినది. కుడి ప్రక్కన మరి రెండు గండ్లు పడినవి. రాతికట్ట మీద నీరు దొర్లి పోవచ్చును, మట్టికట్ట మాత్రము కోతకు ఆగదు. ఒక్క బొట్టు దారి చేసికొన్నచో గంటలో అది ఏరగును. ఆ దెబ్బ తరువాత కట్టను తిరిగి బాగుచేసి ప్రాజెక్టును పూర్తిచేసినారు.

అటువంటి వరద మరల రాదని ఎవరైనను అనుకొని ఉన్న ఎడల, 2022 జూలై 13 వారికి సమాధానము చెప్పినది. ఆనాడు కడెం జలాశయములోనికి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరినది. 18 గేట్లలో 17 ఎత్తినారు, ఒకటి లేవలేదు. ఎత్తిన గేట్ల గుండా పోయినది మూడు లక్షల క్యూసెక్కుల వరకే. వచ్చునది అయిదు, పోవునది మూడు. మిగిలిన రెండు లక్షల క్యూసెక్కులు ఎక్కడికి పోవలెను? జలాశయములోనే పైకి లేచినది. దిగువ గ్రామముల ప్రజలను ఇండ్లు విడిపించి ఎత్తు ప్రదేశములకు తరలించినారు. నీరు కట్ట అంచుకు వచ్చి పొర్లినది. చివరకు ఎడమ కాలువ వైపు గండి పడి కొంత నీరు ఆ దారిన పోవుటచేత, ఎగువన వాన తగ్గుటచేత ప్రధానమైన కట్ట నిలిచినది. కాలువకు, దాని క్రింది పొలములకు నష్టము కలిగినదిగాని, కట్టయే తెగి ఉన్నచో జరిగెడి కీడుతో పోల్చిన అది స్వల్పము.

మరుసటి సంవత్సరమే, 2023 జూలై 27న, మరల పరీక్ష వచ్చినది. ఈమారు వరద అంతకంటె తక్కువ, సుమారు 3.8 లక్షల క్యూసెక్కులు. కాని నాలుగు గేట్లు లేవలేదు. మూసియున్న గేట్ల మీదినుండి నీరు దొర్లినది. 18 గేట్లు కలిసి మూడు లక్షల క్యూసెక్కులను వదలగలవనుకొన్నచో, సగటున ఒక్కొక్క గేటు పదహారు, పదిహేడు వేల క్యూసెక్కులకు దారి. నాలుగు గేట్లు మొరాయించినచో అరవై అయిదు వేల క్యూసెక్కుల దారి మూతపడినట్లే. అనగా గంటకు పావు టీఎంసీ చొప్పున జలాశయము అదనముగా లేచును. తరువాత గేట్లకు మరమ్మతులు జరిగినవి. అయినను గేటు అనునది మీ ఇంజను వంటిదే: వాడనప్పుడు తుప్పు పట్టును, గ్రీసు లేనిచో బిగుసుకొనును, కరెంటు పోయినచో ఆగును, వరదలో కొట్టుకొనివచ్చిన దుంగ అడ్డుపడినచో కదలదు. ఎండాకాలములో గేట్ల పని జరుగుచున్నదా లేదా అని మీ గ్రామ పెద్దలు, నీటి సంఘము వారు అడిగి తెలిసికొనుట మంచిది. ఎరువుల ధర అడిగినట్లే దీనినీ అడగవచ్చును; అందులో తప్పు లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. జలాశయమును కొంత ఖాళీగా ఉంచినందువలన లాభమేమి? 2022 నాటి లెక్కనే తీసికొందము. పోగా మిగిలిన రెండు లక్షల క్యూసెక్కులు గంటకు 0.72 టీఎంసీ చొప్పున జలాశయములో చేరును. ఒక టీఎంసీ ఖాళీ ఉన్నచో అది నిండుటకు 83 నిమిషములు పట్టును. రెండు టీఎంసీలు ఖాళీ ఉన్నచో రెండు గంటలా ముప్పావు. ఇంతేనా అని మీరనవచ్చును. ఇంతే. ఆ ఖాళీ పెద్ద వరదను మింగివేయదు, గంటలను మాత్రమే ఇచ్చును. కాని ఆ గంటలలో ఒక ఊరిని ఖాళీ చేయవచ్చును, పశువులను విప్పవచ్చును, మొరాయించిన గేటును లాగి ఎత్తవచ్చును. ఎగువన వాన తగ్గి వరద శిఖరము దాటిపోవుటకు కూడ తరచు ఆ రెండు మూడు గంటలే కావలసి ఉండును. వరద చిన్నదైనచో, లక్షన్నర, రెండు లక్షల క్యూసెక్కులలో ఉన్నచో, ఖాళీ వలన దిగువకు పోవు నీరు ఒక్కసారిగా మీదపడక నెమ్మదిగా పోవును. ఏటా వచ్చునవి ఎక్కువగా ఈ చిన్న వరదలే.

ఇంకొక సంగతి. జలాశయము గిన్నె వలె అడుగున ఇరుకు, పైన వెడల్పు. కనుక పైనున్న ఒక్కొక్క అడుగులో పట్టు నీరు అడుగుననున్న అడుగులో పట్టుదానికి ఎన్నో రెట్లు. పై అయిదారు అడుగులను విడిచి ఉంచినచో, చూపులకు కొంచెమే తగ్గినట్లున్నను చోటు బాగుగా దొరకును. రైతుకు కష్టముగా తోచుట కూడ ఇందుకే: ఆ అయిదారడుగులలో యాసంగి పంటకు పనికివచ్చు నీరు చాలా ఉన్నది.

మరి ఆ నీరు పోయిన పిదప వానలు మొగము చాటువేసినచో? ఇది సరియైన ప్రశ్న. దీనికి రెండు సమాధానములు కలవు. కడెం జలాశయము చిన్నది, ఏరు పెద్దది కనుక, ఒక్క మంచి వాన పడినను కొద్ది గంటలలోనే నిండును. జూలైలో విడిచిన చోటు ఆగస్టు, సెప్టెంబరులలో తిరిగి నిండుటకు అవకాశము ఎక్కువ. త్వరగా నిండు గుణమే వరదనాడు శత్రువు, లోటునాడు మిత్రుడు. రెండవది, శ్రీరాంసాగర్ నుండి వచ్చు సరస్వతి కాలువ నిర్మల్, మామడ, ఖానాపూర్ ప్రాంతముల మీదుగా 47 కిలోమీటర్లు వచ్చి కడెం జలాశయమునకు చేరుచున్నది. కడెంలో లోటు వచ్చిన యేడు గోదావరి నీటితో ఆదుకొనుటకు దారి ఉన్నది. ఈ రెండు ఆసరాలు ఉండగా జూలైలో 700 అడుగులకు నింపి కూర్చుండుట, నా అభిప్రాయములో, లాభము కొంచెము, భయము ఎక్కువ అయిన బేరము. అయితే సరస్వతి కాలువ బాగుగా ఉండి, దాని నీరు నిజముగా కడెం వరకు చేరినప్పుడే ఈ మాట నిలుచును. రైతు జూలైలో తన నీటిని వదలుకొనవలెనన్న, ఆ కాలువకు ఏటేటా పూడిక తీసి ఉంచవలసిన బాధ్యత ప్రభుత్వముపై ఉన్నది.

పూడిక మాట వచ్చినది కనుక చెప్పవలెను. అడవి పలుచనైన కొలది, ఏటవాలు నేలలను దున్నిన కొలది మట్టి ఏటిలోనికి దిగి జలాశయములో చేరును. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల నిలువతో తలపెట్టిరి. 1994 నాటి కొలతలో 90 తేలినది. తరువాతి కొలతలో 80 చిల్లర. కడెంలో కూడ 7.6 అను లెక్క పాతది. నేడు పట్టు నీరు అంతకు తక్కువ. ఎగువ మండలములలో పొలము ఉన్నవారు వాలుకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, వాగు అంచున గడ్డి, చెట్లు ఉంచుట తమ మేలుకే కాక దిగువవారి మేలుకు కూడ.

వరదను ఆపుటకే కట్టిన జలాశయము ఎట్లుండునో తెలియవలెనన్న మన రాష్ట్రములోనే చూడవచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను కట్టినారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తియైనవి. వాటి మొదటి పని వరదను పట్టి నిలుపుట. నగరమునకు త్రాగునీరు ఇచ్చుట దానితోపాటు జరిగినది. గండిపేట కట్ట మీదికి ఆదివారము పిల్లలతో పోయి అన్నము మూటలు విప్పుకొని కూర్చుండుట హైదరాబాదువారికి తరతరముల అలవాటైనది.

నీరున్నచోటికి మనుషులు చేరుదురు. ఇది ప్రపంచమంతట ఉన్నదే. అమెరికాలో 1933లో టెనెస్సీ లోయ సంస్థను స్థాపించి, 1936లో నారిస్ అను ఆనకట్టను ముగించినారు. వరద నివారణ, విద్యుత్తు, పడవల ప్రయాణము దాని పనులు. జలాశయము చుట్టును ఉద్యానములు వేసి, పడవ షికార్లకు, చేపలు పట్టుటకు, ఈతకు ప్రజలను రానిచ్చినారు. వారి ఏర్పాటులో ఒక అనుకూలత ఉన్నది. అక్కడ పెద్ద వరదలు వచ్చునది శీతకాలములోను, వసంతము మొదటను. కనుక శీతకాలమునకు ముందే నీటిని దించి చోటు చేసి ఉంచుదురు, ఎండాకాలమునాటికి నింపుదురు. షికారుకు జనము వచ్చునది కూడ ఎండాకాలములోనే. వరదకు ఖాళీ ఒక కాలములో, షికారుకు నిండుదనము మరొక కాలములో కావలెను. రెండింటికి తగవు లేదు.

మనకు అట్లు కాదు. మనకు వరద వచ్చునది జూలై, ఆగస్టు, సెప్టెంబరులలో. కడెం అందమును, గేట్లనుండి దూకు నీటిని, కుంతాల జలపాతమును చూచుటకు జనము వచ్చునది కూడ ఆ నెలలలోనే. నాట్లకు నీరు కావలసినదీ అప్పుడే. కాలువకు, పడవకు నిండు జలాశయము కావలెను. దిగువ పల్లెకు ఖాళీ జలాశయము కావలెను. ఒకే గిన్నె ఒకే నెలలో రెండు విధములుగా ఉండజాలదు. పరాయి దేశపు పద్ధతిని ఇక్కడికి యథాతథముగా తెచ్చుట కుదరదనుటకు ఇది ఒక ఉదాహరణ. మన కాలమునుబట్టి వరుస ఏర్పరచుకొనవలెను: వానల నడుమ ముందుగా దిగువ ఊళ్ళ ప్రాణము, ఆ పిదప కాలువ, చివరకు షికారు.

షికారును చులకన చేయుట నా ఉద్దేశ్యము కాదు. రాష్ట్ర పర్యాటక సంస్థ కడెం వద్ద విడిది ఏర్పరచినది. జలాశయములో పడవలు నడిపినది. చుట్టును కవ్వాల్ అడవి ఉన్నది. అది 1965లో అభయారణ్యమైనది, 2012లో పులుల రక్షిత ప్రాంతమైనది. అడవిని చూడవచ్చినవారు జలాశయమును, జలాశయమును చూడవచ్చినవారు కుంతాలను చూచిపోవుదురు. దారి ప్రక్కన మక్క కంకులు కాల్చి అమ్మువారికి, చేపలు పట్టువారికి, పూటకూళ్ళు నడుపువారికి నాలుగు రూకలు దొరకును. ఆయకట్టు గ్రామములకు ఇది రెండవ పంట వంటిది. దానికి నిండు జలాశయమే కావలెనని లేదు. అక్టోబరు చివర వానలు ఆగి, నీరు తేరి, ఏరు సాధువైన పిదప ఫిబ్రవరి వరకు పడవ షికారుకు తగిన కాలము. అప్పుడు జలాశయము నిండుగా ఉండినను భయము లేదు.

వానాకాలములో వచ్చువారిని మీరే హెచ్చరింపవలసి ఉండును, ఎందుకనగా ఏటి గుట్టు వారికి తెలియదు. గేట్ల క్రింద రాళ్ళ నడుమ నీరు పలుచగా, తేటగా ఉండుటచేత పిల్లలు దిగుదురు. చేపలకు వల వేయువారు కూడ అక్కడనే చేరుదురు. ఒక్క గేటు ఎత్తినను ఆ చోట కొద్ది నిమిషములలో మనిషి నిలువలేని ప్రవాహమగును. సైరను మ్రోగినచో వలను, సైకిలును చూచుకొనక గట్టు ఎక్కవలెను. జలాశయము లోపల కూడ అంచున మోకాలిలోతు ఉండి, పాత ఏటి గొంతు వచ్చుచోట ఒక్క అడుగుతో నిలువులోతు అగును. ఈత వచ్చినవారు కూడ అక్కడ మోసపోవుదురు. పడవ ఎక్కువారు తేలు చొక్కా తొడుగవలెను, గాలి లేచినప్పుడు ఎక్కరాదు. కుంతాల వద్ద గుండములో దిగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు. పైన ఎండగా ఉన్నను ఎగువ వానకు అక్కడ నీరు హఠాత్తుగా పెరుగును.

ఇక మీ సేద్యము సంగతి. ఏటి దిగువన, గోదావరి గట్టున పొలము ఉన్నవారు జూన్ నెలలోనే రెండు మూడు పనులు చూచుకొనవలెను. నారుమడిని పల్లములో, నీరు దగ్గర అని ఏటి అంచున పోయుట అలవాటు. వీలైనంత వరకు మెరకన పోయుడు. నారు ఉన్నచో మునిగిన మడిని తిరిగి నాటుకొనవచ్చును. నారే పోయినచో ఆ యేడు పంటయే పోవును. అయిదారు ఎకరములున్నవారు కొంత తక్కువ కాలపు వరి విత్తనమును ఇంట దాచుకొనుట మంచిది. ఏటిలో దించిన మోటారును, పైపులను వాన ముసురు పట్టిన రోజుననే పైకి తీయవలెను. గేట్లు ఎత్తినారన్న కబురు వచ్చిన పిదప తీయబోవుట ప్రాణముతో ఆట. పశువులను రాత్రి పూట ఏటి గట్టు పాకలలో తలుగుతో కట్టి ఉంచకుడు. జలాశయపు లోపలి శిఖము భూమిలో నీరు దిగినప్పుడు విత్తువారు, ఆ పంట నీటి దయపై ఉన్నదని తెలిసియే విత్తవలెను. దానిని కాపాడుటకు జలాశయమును దించుమనుటకు గాని, నిలుపుమనుటకు గాని వీలు లేదు.

ఖానాపూర్ వైపువారికి మరొక సంగతి. మీకు నీరిచ్చు సదర్‌మాట్ ఆనకట్ట గోదావరిపై 1891–92లో, నిజాము కాలమున కట్టినది. అది నీటిని కాలువకు మళ్ళించుటకేగాని నిలువ చేయుటకు కాదు. వరద దాని మీదినుండి పోవును. కనుక శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు మీ గట్టు పొలములకు అది రక్ష కాదు. గోదావరి నిండుగా పారునప్పుడు కడెం ఏటి నీరు దానిలో కలియలేక వెనుకకు ఎగదన్నును. అప్పుడు కడెం గేట్లనుండి కొంచెము నీరు వచ్చినను సంగమము దగ్గర పల్లపు భూములలో ఎక్కువసేపు నిలుచును. అందుచేత మీరు వినవలసిన కబురు రెండు చోట్లది: కడెంలో ఎంత వదలినారు, శ్రీరాంసాగర్‌లో ఎంత వదలినారు. నీటిమట్టము ఎంత అన్నదానికంటె, లోనికి ఎంత వచ్చుచున్నది, బయటికి ఎంత పోవుచున్నది అని అడుగుడు. వచ్చునది పోవుదానికంటె గంటగంటకు పెరుగుచున్నచో, మట్టము ఇంకా తక్కువగా ఉన్నను మూట కట్టుకొనవలసినదే.

పొలము మునిగిన ఎడల, నీరు తీసిన రోజుననే పని మొదలుపెట్టవలెను. వరి మడిలో నిలిచిన నీటిని గట్టు తెగ్గొట్టి తీసివేసి, బురదకు ఆకులు అంటుకొని ఉన్నచో తేటనీటితో కడిగి, పైరు తేరుకొన్న పిదప ఎకరమునకు 15 నుండి 20 కిలోల యూరియా, 10 నుండి 15 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చల్లవచ్చును. పత్తిలో నీరు నిలుచుట ఇంకను చెరుపు. రెండు రోజులు వేళ్ళకు గాలి ఆడకున్న మొక్క వడలును. సాళ్ళ నడుమ చిన్న కాలువలు తీసి నీటిని పంపి, వడలు కనిపించిన మొక్కల మొదళ్ళలో లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి పోయవలెను. నేల పదునుకు రాగానే గుంటక తోలినచో వేళ్ళకు ప్రాణము వచ్చును. ఇసుక మేట వేసిన పొలములో పైరు పెట్టుటకు తొందరపడకుడు. ముందుగా పంట నష్టమును గ్రామములోని వ్యవసాయ విస్తరణ అధికారి వద్ద వ్రాయించి, మేట లోతు చూచి, తీయుటకు తగిన ఖర్చు తేలిన పిదప నిర్ణయించుకొనవలెను.

సెప్టెంబరు నడిమికి వరద భయము సన్నగిల్లును గాని పూర్తిగా పోదు. అప్పటినుండి గేట్లను దించి నీటిని నింపుకొనుచు పోవుదురు. అక్టోబరు నెలాఖరున జలాశయములో ఉన్న నీటినిబట్టియే యాసంగికి కాలువ ఎంతవరకు పారునో తేలును. నిండుగా ఉన్నచో వరి. మట్టము తగ్గి ఉన్నచో కాలువ చివరి గ్రామములవారు వరి నారు పోయక నువ్వులు, పెసలు, వేరుసెనగ వంటి ఆరుతడి పైరులకు విత్తనము సమకూర్చుకొనవలెను. ఏ తూము క్రింద ఎన్ని తడులు ఇత్తురో నీటిపారుదల శాఖవారు ప్రకటించువరకు ఆగి, ఆ పిదపనే దుక్కి దున్నుడు.